విచారణ లేని ఏడాది



ఎవరి జ్ఞాపకార్థం ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆ పెద్దాయన్ని ఈ హాల్లో చాలామంది ఎరుగుదురు. ఫీజు మాట ఎత్తకుండా ఆయన నడిపిన కేసుల్లో ఎక్కువ భాగం హెబియస్ కార్పస్ పిటిషన్లే. కక్షిదారు పేరు పత్రికలకెక్కని కేసులవి. సారా కాశాడన్నవాడికీ, గొలుసు తెంపాడన్నవాడికీ, యూనియన్ పెట్టినవాడికీ ఒకే శ్రద్ధతో అఫిడవిట్ రాసేవారు. కాబట్టి ఈ రోజు పేరున్న రాజకీయ ఖైదీల గురించి మాత్రమే మాట్లాడి దిగిపోతే ఆయన్ని తలచుకున్నట్టు కాదు. విచారణ లేకుండా పౌరుణ్ణి జైల్లో పెట్టే అధికారం మన రాజ్యాంగంలోకి ఎలా వచ్చిందో, ఇవాళ మన రెండు రాష్ట్రాల్లో ఏ ఆఫీసులో ఏ కాగితం మీద నడుస్తోందో చెప్పడానికి ప్రయత్నిస్తాను.

రాజ్యాంగం అమల్లోకి వచ్చింది 1950 జనవరి 26న. సరిగ్గా నెల తిరిగేసరికి, ఫిబ్రవరి 26న, ప్రివెంటివ్ డిటెన్షన్ (పీడీ), అంటే ముందు జాగ్రత్త నిర్బంధ చట్టం వచ్చింది. బిల్లు తెచ్చిన హోంమంత్రి సర్దార్ పటేల్ దాని కోసం నిద్రలేని రాత్రులు గడిపానని సభలో అన్నారు. ఆ మాట నేను నమ్ముతాను. దేశం రెండు ముక్కలై అప్పటికి మూడేళ్లు కూడా నిండలేదు. తెలంగాణలో సాయుధ పోరాటం ఇంకా ఆగలేదు. అయితే ఒక్క ఏడాదికని తెచ్చిన ఆ చట్టాన్ని మళ్లీ మళ్లీ పొడిగిస్తూ 1969 డిసెంబరు 31 దాకా నడిపారు. 1971లో అంతర్గత భద్రతా పరిరక్షణ చట్టం (మీసా), 1980లో జాతీయ భద్రతా చట్టం. అత్యవసరం అని మొదలుపెట్టిన అధికారాన్ని తనంతట తాను వదులుకున్న ప్రభుత్వం మనకు కనిపించదు. జనతా ప్రభుత్వం మీసాను రద్దు చేసింది నిజమే, రెండేళ్లు తిరిగేసరికి దాని స్థానంలో మరొకటి వచ్చి కూర్చుంది.

ఆ 1950 చట్టాన్ని మొదట సవాలు చేసింది ఎ.కె. గోపాలన్. మలబారు కమ్యూనిస్టు నాయకుడు. 1947 డిసెంబరు నుంచి ఏదో ఒక ఉత్తర్వు కింద నిర్బంధంలోనే ఉన్నారు. పాత ఉత్తర్వుల మీద కోర్టులో వాదన నడుస్తుండగానే, 1950 మార్చి 1న కొత్త చట్టం కింద కొత్త ఉత్తర్వును జైల్లోనే చేతికిచ్చారు. ఈ పద్ధతిని గుర్తుపెట్టుకోండి. మన దేశంలో నిరవధిక నిర్బంధం అన్న మాట ఏ చట్టంలోనూ రాసి ఉండదు. ప్రతి చట్టంలోనూ ఒక గడువుంటుంది. గడువు తీరేలోగా ఇంకో కాగితం వస్తుంది. అలా నెలలు, ఏళ్లు గడుస్తాయి.

1950 మే 19న సుప్రీంకోర్టు ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. నిర్బంధానికి చూపిన కారణాలను కోర్టుకు కూడా చెప్పకూడదన్న 14వ సెక్షన్ ఒక్కదాన్ని కొట్టేసి, మిగతా చట్టాన్ని నిలబెట్టింది. పార్లమెంటు ఒక పద్ధతి రాసిపెడితే చాలు, ఆ పద్ధతి న్యాయమైనదా కాదా అని మేం అడగబోమన్నది మెజారిటీ అభిప్రాయం. జస్టిస్ ఫజల్ అలీ ఒప్పుకోలేదు. ఒక మనిషిని మూసిపెడితే అతని మాట, సంచారం, సహవాసం అన్నీ పోతాయి, కాబట్టి హక్కులను ఒక్కొక్కటిగా గదుల్లో పెట్టి చూడకూడదని ఆయన వాదం. ఆ వాదం గెలవడానికి 1978 నాటి మేనకా గాంధీ తీర్పు దాకా ఆగాల్సి వచ్చింది. గోపాలన్‌కు మాత్రం అది అక్కరకు రాలేదు.

ఇదంతా రాజ్యాంగ సభలోనే మొదలైంది. మొదటి ముసాయిదాలో స్వేచ్ఛను హరించాలంటే న్యాయమైన ప్రక్రియ ఉండి తీరాలన్న అమెరికా తరహా మాట ఉండేది. సలహాదారు బి.ఎన్. రావు అమెరికా వెళ్లి అక్కడి సుప్రీంకోర్టు జడ్జి ఫ్రాంక్‌ఫర్టర్‌ను కలిసి వచ్చాక ఆ మాట జారిపోయింది. చట్టం నిర్దేశించిన పద్ధతి అన్న మాట దాని స్థానంలో చేరింది. ఈ మార్పును గట్టిగా సమర్థించినవారిలో నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఒకరు. ఆయన భయం ఆయనది. అమెరికా జడ్జీలు ఆ మాట పట్టుకుని కార్మిక చట్టాలను, సంస్కరణలను కొట్టేస్తూ వచ్చారు. ఇక్కడా అలాగే జరిగితే భూసంస్కరణలు ఏమవుతాయన్నది ఆ తరంలో చాలామందిని వేధించిన ప్రశ్న. ఆ ప్రశ్న తప్పని నేను అనను. అయితే భూమి గురించిన భయానికి మనిషి ఒంటి స్వేచ్ఛను మూల్యంగా చెల్లించారు. జమీందారు భూమినీ, కూలివాడి శరీరాన్నీ ఒకే మాటతో కాపాడాల్సిన పని లేదు. రెంటికీ వేర్వేరు రక్షణలు రాసుకునే వీలు వాళ్లకు ఉండేది.

అంబేద్కర్‌కు ఈ లోటు తెలుసు. పార్లమెంటు చేతికి మరీ ఎక్కువ అధికారం ఇచ్చేశామని, దానికి కొంత పరిహారంగా 1949 సెప్టెంబరులో కొత్త అధికరణం తెచ్చారు. అదే ఇవాళ్టి 22వ అధికరణం. అరెస్టయినవాడికి కారణం చెప్పాలి, వకీలును పెట్టుకోనివ్వాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ఇంతవరకు బాగుంది. తర్వాతి ఉపనిబంధనలో, ముందు జాగ్రత్త నిర్బంధం కింద పట్టుకున్నవాడికి ఇవేవీ వర్తించవని రాశారు. రౌలట్ చట్టాన్ని ‘వకీలు లేదు, దలీలు లేదు, అప్పీలు లేదు’ అని తిట్టి వీధుల్లోకొచ్చిన దేశం, 1907లో లాలా లజపతిరాయ్‌ని ఏ విచారణా లేకుండా మాండలే పంపినందుకు రగిలిపోయిన దేశం, ఆ అధికారాన్నే ప్రాథమిక హక్కుల అధ్యాయంలో పెట్టుకుంది. జైలు అనుభవం ఉన్నవాళ్లు ముసాయిదా సంఘంలో ఉంటే ఇలా రాసేవారు కాదని మహావీర్ త్యాగి సభలో బాధపడ్డారు. 1818 నాటి బెంగాల్ రెగ్యులేషన్, 1819 నాటి మద్రాసు రెగ్యులేషన్, వాటి వెనక వరసగా వచ్చిన యుద్ధకాలపు చట్టాలు చదివినవాడికి మన పీడీ చట్టాల భాష కొత్తగా అనిపించదు.

ఇక మన దగ్గరికి వద్దాం. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1986లో చేసిన మొదటి చట్టమే మనం పీడీ యాక్ట్ అని పిలుచుకునేది. సారా వ్యాపారులు, బందిపోట్లు, మాదకద్రవ్యాల నేరస్థులు, గూండాలు, వ్యభిచార వ్యాపారులు, భూకబ్జాదారులు అని అందులో ఆరు తరగతులు. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ అదే చట్టాన్ని తెచ్చుకుని జాబితాను బాగా పొడిగించింది. నకిలీ విత్తనాలు, పురుగుమందులు, ఎరువులు, ఆహార కల్తీ, దొంగ పత్రాలు, అటవీ నేరాలు, జూదం, లైంగిక నేరాలు, ఆయుధాలు, సైబర్ నేరాలు, ఆర్థిక నేరాలు వచ్చి చేరాయి. ఈ నేరాలన్నిటికీ వేరే చట్టాల్లో శిక్షలున్నాయి, కోర్టులున్నాయి, ప్రాసిక్యూటర్లున్నారు.

మరి పీడీ ఎందుకు? మామూలుగా జరిగేది చెబుతాను. ఒక మనిషి మీద మూడో నాలుగో కేసులుంటాయి. కోర్టు బెయిలిస్తుంది. జైలు గేటు దగ్గర కొడుకు ఆటో మాట్లాడుకుని నిలబడి ఉంటాడు. లోపల పోలీసు కమిషనరో కలెక్టరో సంతకం చేసిన నిర్బంధ ఉత్తర్వు సిద్ధంగా ఉంటుంది. బెయిలు కాగితం జేబులో ఉన్నవాడు మళ్లీ అదే బ్యారక్‌లోకి వెళతాడు. చట్టం ప్రకారం ఐదు రోజుల్లో కారణాలు రాసివ్వాలి. పన్నెండు రోజుల్లో ప్రభుత్వం ఆమోదించాలి. మూడు వారాల్లో అడ్వైజరీ బోర్డుకు పంపాలి. ఏడు వారాల్లో బోర్డు నివేదిక ఇవ్వాలి. బోర్డు సరేనంటే మొదటి తేదీ నుంచి పన్నెండు నెలల దాకా ఉంచుకోవచ్చు. బోర్డు ముందు అతని తరఫున న్యాయవాది నిలబడే హక్కు లేదు. సుప్రీంకోర్టు 1981 చివర్లో ఎ.కె. రాయ్ కేసులో ఒక వెసులుబాటు ఇచ్చింది. న్యాయవాది కాని స్నేహితుణ్ణి తోడు తెచ్చుకోవచ్చు, ప్రభుత్వం తన తరఫున న్యాయవాదిని పెడితే ఇతనూ పెట్టుకోవచ్చు. చదువు లేని మనిషి, వెనక పోలీసులు, ఎదురుగా బోర్డు, ప్లాస్టిక్ కవర్‌లో జిరాక్సు కాగితాలు. నిర్బంధితుడికి తన మాట వినిపించుకోవడానికి దొరికే అవకాశం అంతే.

ఇక్కడ నేరం చేశాడా లేదా అన్న ప్రశ్న ఎవరూ అడగరు. రేపు చేస్తాడేమో అన్నదే ప్రశ్న. అధికారి తృప్తి పడితే చాలు. ఆ తృప్తికి పునాది ఉందా అని మాత్రమే హైకోర్టు చూస్తుంది. అందుకే ఈ కేసుల్లో గెలుపంతా కాగితంలో దొరుకుతుంది. ఆధారాలు అతనికి తెలిసిన భాషలో ఇచ్చారా? 1962లోనే మహారాష్ట్రకు చెందిన ఒక నిర్బంధితుడి విషయంలో సుప్రీంకోర్టు, ఇంగ్లీషు కాగితమిచ్చి నోటితో హిందీలో చెప్పామంటే కుదరదంది. ఉత్తర్వులో పేర్కొన్న పత్రాలన్నీ అందాయా? అతను పెట్టుకున్న అర్జీని ప్రభుత్వం ఎన్నాళ్లు బల్లమీద పెట్టుకుంది? బెయిలొచ్చిన సంగతి ఉత్తర్వు రాసిన అధికారికి తెలుసా? వీటిని సాంకేతిక లొసుగులని చిన్నచూపు చూసే న్యాయవాదులున్నారు, జడ్జీలూ ఉన్నారు. నాకది నచ్చదు. సాక్షి లేడు, క్రాస్ లేదు, వకీలు లేడు. మిగిలింది ఆ కాగితమొక్కటే. దాన్ని కూడా సరిగా రాయలేకపోతే ఏడాది జైలు ఎలా అడుగుతారు?

కాగితాన్ని మించిన ప్రశ్న ఒకటుంది. ఈ చట్టం ప్రజాశాంతికి భంగం కలిగే సందర్భానికే. 1965లో రామమనోహర్ లోహియాను బీహారులో నిర్బంధించినప్పుడు ఉత్తర్వులో శాంతిభద్రతలు అని రాశారు, దానికి ఆధారమైన భారత రక్షణ నిబంధనల్లో ఉన్నది ప్రజాశాంతి. జస్టిస్ హిదయతుల్లా మూడు వృత్తాలు గీసి చూపించారు. పెద్ద వృత్తం శాంతిభద్రతలది, దానిలోపల ప్రజాశాంతిది, దానికీ లోపల రాజ్య భద్రతది. ఇద్దరు కొట్టుకుంటే శాంతిభద్రతల సమస్య. ఊరు ఊరంతా తలుపులేసుకుని కూర్చునేంత భయం పుడితే ప్రజాశాంతి సమస్య. లోహియా విడుదలయ్యారు. ఆరు దశాబ్దాలు గడిచాక కూడా మన ఉత్తర్వుల్లో గొలుసు దొంగతనం ప్రజాశాంతికి భంగమని రాస్తూనే ఉన్నారు.

తెలంగాణ నుంచి వెళ్లిన కేసుల్లో సుప్రీంకోర్టు వరసగా ఏం చెప్పిందో చూడండి. షేర్లలో పెట్టుబడి పేరుతో మోసం చేశాడన్న ఆరోపణ మీద పీడీ పెట్టిన కేసులో 2021లో జస్టిస్ నారిమన్, బెయిలు నచ్చకపోతే దాన్ని రద్దు చేయమని అడగాలి గాని ఈ చట్టాన్ని అడ్డదారిగా వాడకూడదన్నారు. ఉద్యోగాల పేరుతో డబ్బు వసూలు చేశారన్న కేసులో 2022 ఏప్రిల్‌లో, గడిచిన ఐదేళ్లలో ఈ చట్టం కింది ఉత్తర్వులను తాము ఎన్నిసార్లు కొట్టేశామో, తెలంగాణ హైకోర్టు ఒక్క ఏడాదిలోనే కనీసం పదింటిని కొట్టేసిందనీ తీర్పులోనే రాశారు. 2023 సెప్టెంబరులో, స్వాతంత్ర్య అమృతోత్సవాలు జరుపుకుంటున్న వేళ కొందరు పోలీసు అధికారులకు రాజ్యాంగ హామీలు పట్టడం లేదని బాధపడుతూ నిర్బంధాన్ని రద్దు చేశారు. 2024 మార్చిలో గొలుసు దొంగతనాల కేసులో అడ్వైజరీ బోర్డులకే చెప్పాల్సి వచ్చింది, ఇదేదో మొక్కుబడి అనుకోకుండా బుర్ర పెట్టి చూడండని. ఇన్ని తీర్పుల తర్వాత కూడా ఉత్తర్వుల జోరు తగ్గకపోవడానికి కారణం నాకు స్పష్టంగానే కనిపిస్తుంది. ఉత్తర్వు కొట్టేస్తే సంతకం పెట్టిన అధికారికి నష్టమేమీ లేదు. కోర్టు తేల్చేసరికి ఏడాదిలో సగమో, అంతకన్నా ఎక్కువో అయిపోయి ఉంటుంది. అధికారి కోరుకున్నది జరిగిపోయింది. విడుదలైనవాడికి రూపాయి పరిహారం రాదు.

కవులూ ఈ దారిలోనే వెళ్లారు. 1971లో దిగంబర కవులు జ్వాలాముఖి, నిఖిలేశ్వర్, చెరబండరాజులను అప్పటి పీడీ చట్టం కింద జైల్లో పెట్టారు. గూండా చట్టం గూండాలకే అని నిశ్చింతగా ఉండేవారికి ఇది గుర్తు చేయాలి.

ఎమర్జెన్సీ సంగతి మీలో చాలామందికి తెలిసిందే కాబట్టి వివరంగా చెప్పను. మీసా కింద దేశమంతటా 34,988 మందిని నిర్బంధించారని ఎమర్జెన్సీ మీద విచారణ జరిపిన షా కమిషన్ తేల్చింది. కారణాలు చెప్పనక్కర్లేదని, అవి రహస్యమని చట్టాన్నే మార్చారు. చాలా హైకోర్టులు నిర్బంధితుల పిటిషన్లు వింటామన్నాయి. 1976 ఏప్రిల్ 28న జబల్‌పూర్ కేసులో సుప్రీంకోర్టు నలుగురు ఒకవైపు, ఒకరు ఒకవైపుగా, వినకూడదంది. వాదనల్లో జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా అటార్నీ జనరల్ నీరెన్ డేను అడిగారు, ఒక పోలీసు సొంత పగతో ఎవరినైనా చంపేసినా దారి లేదా అని. ఎమర్జెన్సీ ఉన్నంతకాలం లేదని జవాబు. ఖన్నా ఒక్కరే భిన్నమైన తీర్పు రాశారు. 1977 జనవరిలో ఆయన్ని దాటేసి ఎం.హెచ్. బేగ్‌ను ప్రధాన న్యాయమూర్తిని చేశారు. ఖన్నా రాజీనామా చేశారు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి తీర్పు జబల్‌పూర్ తీర్పును అధికారికంగా చెరిపేసింది. ఆ మాట రాసింది నాటి మెజారిటీలో ఉన్న న్యాయమూర్తి కుమారుడు. ఏటా జూన్ 25న ఈ కథ చెప్పుకుని మనం తేలికపడతాం. జబల్‌పూర్ పోయింది, ఖన్నా గెలిచారు అనుకుంటాం. ఎమర్జెన్సీ ఏమీ లేని ఒక మామూలు మంగళవారం నాడు, కమిషనర్ సంతకంతో ఏడాది జైలు పడే ఏర్పాటు మాత్రం చెక్కుచెదరలేదు.

విచారణ లేని జైలుకు రెండో దారి ఉపా, అంటే చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం. ఇక్కడ విచారణ ఉంటుందనే చెబుతారు, మొదలవదు. దాని 43డి(5) సెక్షన్ ప్రకారం, ఆరోపణ పైపైన నమ్మదగ్గదిగా కనిపిస్తే బెయిలు లేదు. మన వరంగల్లు కవి వరవరరావు 2018లో అరెస్టయ్యారు. 2022 ఆగస్టులో అనారోగ్యం కారణంగా సుప్రీంకోర్టు బెయిలిచ్చేనాటికి అభియోగాల నమోదు కూడా జరగలేదు. అదే కేసులో ఫాదర్ స్టాన్ స్వామి 84 ఏళ్ల వయసులో, బెయిలు కోసం ఎదురుచూస్తూ 2021 జూలై 5న చనిపోయారు. ఆయన చేసిన నేరమేమిటో ఏ కోర్టూ తేల్చలేదు, చేయలేదనీ తేల్చలేదు. కె.ఎ. నజీబ్ కేసులో 2021లో సుప్రీంకోర్టు, ఏళ్ల తరబడి విచారణ సాగకపోతే 21వ అధికరణం కింద బెయిలివ్వవచ్చంది. ఆ తీర్పు కొందరి విషయంలో పనిచేసింది, కొందరి విషయంలో చేయలేదు. 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. నూటికి డెబ్బై ఐదు మందికి పైగా.

మీలో కొందరి మనసులో ఉన్న ప్రశ్న నాకు తెలుసు. నకిలీ విత్తనాలమ్మి రైతును ముంచినవాణ్ణి పీడీలో పెడితే తప్పేంటి? అమ్మాయిలను వేధించి సాక్షులను బెదిరించేవాణ్ణి వదిలేయాలా? ఈ కోపం న్యాయమైనది. విత్తనం మొలవని చేలో నిలబడ్డ రైతుకు హక్కుల ఉపన్యాసం అక్కర్లేదు. అతనికి కావలసింది నష్టపరిహారం, అమ్మినవాడికి శిక్ష. పీడీ ఆ రెండూ ఇవ్వదు. విత్తన వ్యాపారి ఏడాది తర్వాత నిర్దోషిగానే బయటికొస్తాడు, అతని మీద ఏ కోర్టూ ఏదీ రుజువు చేయలేదు కాబట్టి. ఈలోగా అసలు కేసులో శాంపిల్ రిపోర్టు రాదు, చార్జిషీటు నాన్చుతారు. నిందితుడు లోపలే ఉన్నాడు కదా అన్న ధీమా దర్యాప్తును చంపేస్తుంది. సాక్షిని బెదిరిస్తే బెయిలు రద్దు చేయించే అధికారం పోలీసులకు ఇప్పటికే ఉంది. దానికి కోర్టులో రుజువు చూపాలి, వాదించాలి. కష్టపడాలి. ఆ కష్టం తప్పించుకోవడానికే పీడీ పనికొస్తోంది.

చివరగా ఒక సవరణ సంగతి. 1978లో 44వ రాజ్యాంగ సవరణ వచ్చింది. ఎమర్జెన్సీలో కూడా 20, 21 అధికరణాలను తాత్కాలికంగా నిలిపేయకూడదన్న నియమం అందులోదే, అది 1979 జూన్ 20న అమల్లోకొచ్చింది. అదే సవరణలోని 3వ సెక్షన్ 22వ అధికరణాన్ని మారుస్తుంది. బోర్డు అనుమతి లేకుండా ఉంచుకోగల గడువును మూడు నెలల నుంచి రెండు నెలలకు తగ్గిస్తుంది. బోర్డును హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సిఫార్సు మేరకు వేయాలి. అధ్యక్షుడు పదవిలో ఉన్న హైకోర్టు జడ్జి అయి ఉండాలి, మిగతావారు పదవిలో ఉన్నవారో పదవీ విరమణ చేసినవారో అయిన హైకోర్టు జడ్జీలు కావాలి. ఇప్పుడైతే హైకోర్టు జడ్జి కాగల అర్హత ఉంటే చాలు, ప్రభుత్వం తనకు నచ్చినవారిని వేసుకోవచ్చు. పార్లమెంటు ఉభయసభలూ ఆమోదించిన ఆ 3వ సెక్షన్ ఇవాళ్టికీ అమల్లోకి రాలేదు. కేంద్రం ఒక నోటిఫికేషన్ ఇవ్వాలి. అంతే పని. ఎ.కె. రాయ్ కేసులో, ఆ నోటిఫికేషన్ ఇవ్వమని ప్రభుత్వాన్ని ఆదేశించలేమంది సుప్రీంకోర్టు. జనతా, కాంగ్రెస్, ఫ్రంట్లు, బీజేపీ, అందరూ వచ్చారు, పోయారు. ఎమర్జెన్సీలో జైలుకెళ్లినవాళ్లే మంత్రులై కూర్చున్నప్పుడు కూడా ఆ ఒక్క కాగితం కదల్లేదు. 22వ అధికరణంలోని ముందు జాగ్రత్త నిర్బంధాన్ని మొత్తంగా తీసేయాలన్నది నా అభిప్రాయం. అది ఇప్పట్లో జరగదని తెలుసు. కానీ పార్లమెంటు ఇప్పటికే ఒప్పుకున్నదాన్ని అమలు చేయమని అడగడానికి మనకెవరి అనుమతీ అక్కర్లేదు.

ఈ బార్ అసోసియేషన్ తరఫున రెండు పనులు మొదలుపెట్టాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను. ఒకటి, ఆ 3వ సెక్షన్‌ను అమల్లోకి తెమ్మని మన రెండు రాష్ట్రాల పార్లమెంటు సభ్యులందరికీ తీర్మానం పంపడం. రెండోది, చంచల్‌గూడ, చర్లపల్లి, రాజమండ్రి, విశాఖ జైళ్లకు వంతులు వేసుకుని వెళ్లి, నిర్బంధ ఉత్తర్వు అందిన వారంలోపే నిర్బంధితుడికి తెలుగులోనో ఉర్దూలోనో అర్జీ రాసిపెట్టే జూనియర్ల జట్టు ఒకటి కట్టడం. అర్జీ ఎంత త్వరగా వెళితే, దాని మీద ప్రభుత్వం చేసే ఆలస్యం అంత స్పష్టంగా హైకోర్టుకు కనిపిస్తుంది. జట్టుకు పేర్లివ్వదలచినవారు సభ అయ్యాక కార్యదర్శి గారిని కలవండి. మొదటి పేరు నాది రాసుకోమన్నాను.